అత్తయ్య ఇవ్వని నిప్పు

గని యజమాని హౌ పేరు ఎవరైనా ఎత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. మనిషి పోయి చాలా కాలమైంది. పోయినవాడి మీద కోపమేమిటని నా మనవరాలు అంటుంది. దానికేం తెలుసు! ఎవరూ నిప్పు ముట్టని చల్లటి తిండి పండగనాడు దీపం పట్టుకుని కొండలోకి దిగమన్నవాడు వాడు. మా లియుగౌ లోయలో పుట్టినవాడికైతే ఆ మాట నోటికి రాదు. ఎక్కడో దక్షిణాది పట్నం నుంచి వచ్చి, మా మ్యెన్‌షాన్ కొండకి రెండు చోట్ల బొరియలు తవ్వించి, ఎగువ గని, దిగువ గని అని పేర్లు పెట్టి బొగ్గు తీయించేవాడు. మా లోయలో మగవాళ్ళంతా ఆ రెంటిలో ఏదో ఒక దాంట్లోనే పని చేసేవాళ్ళు. మా ఆయన గెన్‌షెంగ్ ఎగువ గనిలో.

జపాను సైన్యం ఇంకా మా వైపు రాని రోజులవి. పండగ ముందు రోజు అత్తయ్యా నేనూ పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉన్నాం. మర్నాడు ఊళ్ళో ఎవరూ నిప్పు ముట్టరు కాబట్టి తినేదంతా ముందే వండి పెట్టుకోవాలి. గోధుమపిండి పిసికి వానకోయిల పిట్టల్ని చేసి, కళ్ళకి నల్లటి గింజలు గుచ్చి, ఆవిరికి పెడుతున్నాం. అయిదేళ్ళ నా కూతురు మైమై ఒక పిట్టకి మూడు కళ్ళు పెట్టి కూర్చుంది.

"నాన్నమ్మా, రాజు కొండకి నిప్పెందుకు పెట్టాడూ?"

"బుద్ధి లేక."

"అట్లా కాదు. మొదట్నించీ చెప్పు."

ఏటేటా చెప్పే కథే. అత్తయ్య చేతులు పిండిలోంచి తీయకుండానే మొదలుపెట్టింది. "ఆ రాజు రాజు కాకముందు దేశాలు పట్టుకుని తిరిగాడు. తినడానికి ఏమీ లేదు. పక్కనున్న జియే జితుయ్ తన తొడ కోసి పులుసు కాచి పోశాడు. తర్వాత వాడు రాజయ్యాడు. అందరికీ ఉద్యోగాలిచ్చాడు, తొడ కోసిచ్చినవాణ్ణి మర్చిపోయాడు. జితుయ్ అడగలేదు. వాళ్ళమ్మని తీసుకుని మన కొండెక్కి కూర్చున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది రాజుగారికి. వెతికితే దొరకలేదు. ఎవడో తెలివైనవాడు చెప్పాడు, కొండకి మూడు వైపులా నిప్పంటించండి, నాలుగోవైపు నుంచి అతనే వస్తాడని."

"వచ్చాడా?"

"రాలేదు. మంటలారాక చూస్తే మాడిపోయిన విల్లో చెట్టు కింద తల్లీ కొడుకూ కలిసే ఉన్నారు. రాజు ఏడ్చాడు. ఏటా ఈ రోజు ఎవరూ నిప్పు వెలిగించొద్దని చాటించాడు."

"వాళ్ళమ్మ పేరేంటి?"

అత్తయ్య పిండి పిసకడం ఆపింది. "ఆవిడ పేరు ఎవరికీ తెలీదు," అంది. "ఎవరూ అడగలేదు."

అప్పుడే గెన్‌షెంగ్ వచ్చాడు. ముఖమంతా బొగ్గు మసి, పళ్ళు మాత్రం తెల్లగా కనిపిస్తున్నాయి. ఆ చేతుల్తోనే పళ్ళెంలోంచి ఒక వేడి పిట్టని తీయబోతే అత్తయ్య చేతి మీద ఒక్కటేసింది.

"కడుక్కుని రారా పందీ."

"రేపు కడుక్కుంటానులే, ఎట్లాగూ మళ్ళీ దిగాలిగా."

"రేపెక్కడికి దిగుతావు?"

"పనికి రమ్మన్నాడు హౌ. రైలు వాళ్ళకి బొగ్గు తొందరగా కావాలిట."

అత్తయ్య నిలువునా లేచింది. ఆవిడవి చిన్నప్పుడు పెరక్కుండా గుడ్డతో బిగించి కట్టేసిన పాదాలు, జానెడైనా ఉండవు. లేచినప్పుడల్లా గోడ పట్టుకునేది. ఆ రోజు పట్టుకోలేదు. "రేపు నిప్పు లేని రోజురా!"

"పొయ్యి వెలిగించనులే అమ్మా. చేతిలో ఇంత నూనె దీపం, అంతే."

"దీపంలో మండేది నీళ్ళా?"

"రానివాడు ఇంక ఎప్పుడూ రానక్కర్లేదన్నాడు. నేను పోకపోతే నా చోట్లో ఇంకొకడు దిగుతాడు. తర్వాత నువ్వు పెడతావా తిండి?"

నేనూ ఊరుకోలేదు. "ఒక్కరోజు మానేస్తే కొంపలు మునిగిపోతాయా?" అన్నాను.

"నువ్వు కూడా మొదలెట్టావా? ఒక్కళ్ళు చాలరూ!" అని నవ్వేసి, చేతులు కడుక్కోకుండానే పిట్టని నోట్లో వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న చల్లటి రొట్టె తిని బయలుదేరాడు. ఆ రోజు అందరూ తలలో విల్లో రెమ్మ పెట్టుకుంటారు. మైమై వాళ్ళ నాన్న టోపీకి ఒకటి గుచ్చింది. "సాయంత్రానికి నా వాటా పిట్టలు మిగల్చవే రాకాసీ" అని దాని బుగ్గ గిల్లి వెళ్ళాడు. అత్తయ్య లోపల్నుంచి బయటికి రాలేదు. కోపమొస్తే ఆవిడ అంతే, రెండు రోజులు మాట్లాడదు.

మధ్యాహ్నానికి ఊళ్ళో ఎక్కడా పొగ లేదు. కొండ మీద మాత్రం లేచింది.

మా లోయలో ఆడవాళ్ళు గని నోటి దగ్గరికి వెళ్ళకూడదు, అరిష్టం. అందుకని ఆడవాళ్ళమంతా కింద బాట మలుపులో ఆగిపోయి పైకి చూస్తూ నిలబడ్డాం. పక్కింటి ష్వాన్‌జూ దగ్గుకుంటూ దిగి వచ్చాడు. కనుబొమలు కాలిపోయాయి. వాడూ గెన్‌షెంగూ చిన్నప్పటి నుంచీ జట్టు.

"గనిలో ముందు వైపు కప్పు మోసే దూలాలు అంటుకున్నాయి," అన్నాడు. "మేం కొంతమంది ఇవతల ఉన్నాం, పాక్కుంటూ వచ్చేశాం. మిగతావాళ్ళు అవతల లోపలి గుహలో ఉన్నారు."

"గెన్‌షెంగ్?"

"అవతలే ఉన్నాడు వదినా. మంట వాళ్ళ వైపు పోవట్లేదు. లోపల నీళ్ళున్నాయి. బతికే ఉంటారు."

మేం చూస్తుండగానే హౌ మనుషులు పైన ఇటుకలు మోయడం మొదలుపెట్టారు. మొదట అర్థం కాలేదు. తర్వాత తడి మట్టి కూడా మోస్తుంటే అర్థమైంది, గని నోరు మూసేస్తున్నారు. అరిష్టం మాట ఇంక ఎవడిక్కావాలి? నేను పైకి పరిగెత్తాను. ష్వాన్‌జూ నా వెనకే వచ్చాడు.

గనిలో ఊరే నీళ్ళు తోడటానికి ఒక ఇనపగొట్టం ఉండేది. లోపల్నుంచి వచ్చి, గని నోటి పక్కగా వాలులోకి దిగేది. దాని మూతికి కూడా గుడ్డలూ మట్టీ కుక్కేశారు. ష్వాన్‌జూ రాయి తీసుకుని గొట్టం మీద కొట్టాడు. నేను చెవి ఆనించాను. గొట్టం వెచ్చగా ఉంది. లోపల్నుంచి జవాబు వచ్చింది. ష్వాన్‌జూ మళ్ళీ కొట్టాడు. ఎన్ని కొడితే అన్ని తిరిగొచ్చాయి.

నేను వెళ్ళి హౌ కోటు పట్టుకున్నాను. "బతికున్నారయ్యా! కొడుతున్నారు! వచ్చి వినండి!"

"ఇనుము వేడెక్కితే చప్పుడు చేస్తుందమ్మా," అన్నాడు నా చెయ్యి విడిపించుకుంటూ.

"మేం ఎన్ని కొడితే అన్నే కొడుతుందా మీ ఇనుము?"

వాడు నా వైపు చూడలేదు. "తెరిస్తే గాలి లోపలికి పోతుంది. గాలి పోతే కొండంతా అంటుకుంటుంది. నిప్పారాక తెరిపిస్తాను."

"నిప్పుకి గాలి లేకపోతే వాళ్ళకెక్కణ్ణుంచి వస్తుంది?"

"ఈ ఆడమనిషిని ఎవరు రానిచ్చారిక్కడికి?" అని వాడి మనుషుల్ని కేకలేశాడు. నన్ను రెక్కలు పట్టుకుని మలుపు దాకా ఈడ్చుకొచ్చి వదిలారు.

పండగ మర్నాడు మా లోయలో కొత్త నిప్పు పుట్టిస్తారు. అది ఎవరు పడితే వాళ్ళు చేసే పని కాదు. ఊళ్ళో అందరికన్నా పెద్ద వయసు ఆడమనిషి చెకుముకి రాయి కొట్టి, ఎండు విల్లో పొట్టు అంటించి, తన పొయ్యి వెలిగించాలి. ఆ పొయ్యిలోంచే అన్ని ఇళ్ళకీ నిప్పు పోవాలి. గనిలోకి దిగేవాళ్ళ దీపాలు కూడా ఆ నిప్పుతోనే వెలిగించాలి. ఎవరైనా ముందుగా వేరే నిప్పు రాజేస్తే వడగళ్ళు పడి గోధుమ చేలు నాశనమైపోతాయని అందరికీ భయం. ఆ ఏడు పెద్ద వయసు ఆడమనిషి మా అత్తయ్యే.

తెల్లారేసరికి ఆడవాళ్ళు మట్టి మూకుళ్ళు పట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చారు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచినవాళ్ళు కొందరు, వాళ్ళ మొహం చూడలేక తల వంచుకున్నవాళ్ళు కొందరు. ముందు నిలబడింది ష్వాన్‌జూ పెళ్ళాం తావ్‌యే. అత్తయ్య గడప మీద కూర్చుని ఉంది. చెకుముకి రాయి ఒళ్ళో లేదు.

"నిప్పు లేదు," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. తావ్‌యే మెల్లిగా అడిగింది. "ఇంకాసేపటికి రమ్మంటావా పెద్దమ్మా?"

"చూడు అటు," అని అత్తయ్య కొండ వైపు చెయ్యి చూపించింది. మూసేసిన గని పైన రాతి పగుళ్ళలోంచి పొగ వస్తోంది. "కొండ ఇంకా మండుతోంది. కొండ మండుతుంటే ఇంట్లో పొయ్యి వెలిగించడం ఏ కాలంలో ఉందే? మన పండగ ఇంకా అవలేదు. పోయి ఆ హౌ గాడికి చెప్పండి. గని తెరిచి నా కొడుకునీ మీ మొగుళ్ళనీ బయటికి తేవాలి. అప్పుడిస్తా నిప్పు. అందరికీ ఇస్తా."

తావ్‌యే తన మూకుడు మా గుమ్మం పక్కన బోర్లించి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఒక్కొక్కరూ అట్లాగే బోర్లించి వెళ్ళారు. కొత్త నిప్పు లేదని మా మగవాళ్ళు దిగువ గనిలోకి కూడా దిగలేదు. హౌ అగ్గిపెట్టెలు పంచి పెడితే ఒక్కడూ ముట్టుకోలేదు. బొగ్గు బళ్ళు ఖాళీగా నిలబడ్డాయి. మా అత్తయ్యంటే నాకు అంతకుముందు భయమే గానీ ప్రేమ లేదు. ఆ రోజు మాత్రం ఆవిడ కాళ్ళు పట్టుకోవాలనిపించింది. తెరుస్తాడు, తెరవక ఎక్కడికి పోతాడు అనుకున్నాను.

తెరవలేదు.

పిండి పిట్టలు అయిపోయాయి, రొట్టెలు బూజు పట్టాయి. వేయించిన పిండి చన్నీళ్ళలో కలుపుకుని, ఉప్పు ముల్లంగి నంజుకుని తిన్నాం. మా ఇళ్ళలో పడుకునేది ఇటుక అరుగు మీద. పొయ్యి పొగ దాని కిందనుంచి పోతుంటే వెచ్చగా ఉంటుంది. పొయ్యి లేకపోతే అది బండరాయి. చలి ఇంక పోయిందనుకుంటుంటే మళ్ళీ మంచు పడింది. మైమైని ఇద్దరి మధ్యా పడుకోబెట్టుకుని ఉన్న బొంతలన్నీ కప్పేవాళ్ళం. "ఒక్కసారి వేడినీళ్ళు తాగుతానమ్మా, ఒక్క గుటక" అని అది బతిమాలేది. నేను వినపడనట్టు మొహం తిప్పుకునేదాన్ని.

రోజూ గొట్టం దగ్గరికి వెళ్ళేదాన్ని. ఇప్పుడు నన్ను ఎవరూ ఆపడం లేదు. ఇంటికి రాగానే అత్తయ్య ఒకటే మాట అడిగేది.

"మాట్లాడాడా?"

"మాట్లాడాడు అత్తయ్యా."

"గట్టిగానా?"

"నిన్నటంత గట్టిగా కాదు."

గనిలో ఉన్నవాళ్ళు పదిమందికి పైనే. కొట్టింది గెన్‌షెంగేనని నాకెట్లా తెలుసు? తెలీదు. కానీ ఆ చప్పుడు ఆయనదేనని నేను అనుకున్నాను, ఆవిడా అనుకుంది. మిగతా ఇళ్ళ ఆడవాళ్ళు కూడా వచ్చి చెవులానించి, ఎవరికి వాళ్ళు తమ మొగుడిదే అనుకుని వెళ్ళేవాళ్ళు. ఒకరోజు ఎంత కొట్టినా ఏమీ వినిపించలేదు. ష్వాన్‌జూ కొట్టీ కొట్టీ రాయి పగిలిపోయింది.

"ఇవాళ మాట్లాడలేదత్తయ్యా."

అత్తయ్య బొంత సర్దుకుంది. "అలిసిపోయుంటాడు. నిద్రపోనీ," అంది.

ఆ మర్నాడూ మాట్లాడలేదు. ఆ పై రోజూ లేదు. అయినా పగుళ్ళలోంచి పొగ వస్తూనే ఉంది, గొట్టం వెచ్చగానే ఉంది. అది ముట్టుకుంటే ఆయన చెయ్యి ముట్టుకున్నట్టే ఉండేది నాకు.

అప్పుడొచ్చాడు హౌ మా ఇంటికి. మెత్తటి బూట్లు వేసుకుని, చక్కెర పొట్లం పట్టుకుని, గుమ్మంలో నిలబడ్డాడు. మైమై పొట్లం వైపే చూస్తోంది. నేను దాన్ని లోపలికి లాగాను.

"అమ్మగారూ, మీ బాధ నాకు తెలుసు," అన్నాడు అత్తయ్యతో. "కానీ ఊరంతా చలికి వణికిపోతోంది. పసిపిల్లలున్నారు, ముసలివాళ్ళున్నారు. ఇదిగో, ఒక్క పుల్ల గీయండి చాలు." జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.

"ఊరి మీద అంత జాలా నీకు? అయితే గని తెరువు."

"నిప్పు ఆరలేదు."

"అయితే నాకూ పండగ అవలేదు."

వాడికి చిరాకొచ్చింది. "ఏదో పాత కథ పట్టుకుని ఇంతమందిని మాడుస్తారా?"

అత్తయ్య వాడి మొహంలోకి చూసింది. "ఆ పాత కథలో రాజు మూడు వైపులా అంటించి నాలుగో వైపు వదిలాడయ్యా, రావయ్యా అని. నువ్వు నాలుగోది కూడా మూసేశావు."

హౌ పొట్లం గడప మీద పెట్టి వెళ్ళాడు. అత్తయ్య దాన్ని కాలితో బయటికి తోసింది. మైమై ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, ఆ చక్కెర కోసమే వచ్చింది. అబద్ధమెందుకు చెప్పాలి?

ఊళ్ళో మాటలు మారాయి. మొదట మా ఇంటి ముందు నుంచి పోతూ పలకరించినవాళ్ళు తర్వాత తల దించుకుని పోవడం మొదలుపెట్టారు. ఒక పొద్దున్న తావ్‌యే వచ్చింది. చేతులు ఎర్రగా పగిలి ఉన్నాయి.

"పెద్దమ్మా, మా మామగారు లేవడం లేదు. అరుగు మీద చలికి బిగుసుకుపోయి ఉన్నాడు. ఒక్క మూకుడు నిప్పు. ఎవరికీ చెప్పను."

అత్తయ్య ఏదో అనేలోపే నాకు కోపమొచ్చింది. "నీ మొగుడు బయటపడ్డాడుగా, నీకేం తల్లీ! నిప్పూ కావాలి, అన్నీ కావాలి!"

"బయటపడటం కూడా తప్పేనా?" అంది తావ్‌యే. "రోజూ మీ వాడి కోసం ఆ గొట్టం దగ్గర రాళ్ళు పగలగొట్టేది మా ఆయనేగా. ఇంటికొచ్చి తిండి కూడా తినడు. ఆయనా అక్కడే పోయుంటే నీకు బాగుండేదా చెప్పు!"

అత్తయ్య లేచి, తన మీదున్న గొర్రెతోలు కోటు తీసి తావ్‌యే చేతిలో పెట్టింది. "ఇది కప్పు. నిప్పు మాత్రం అడక్కు," అంది. తావ్‌యే కోటు తీసుకుని వెళ్ళింది.

ఆ ముసలాయన పోయాడు. పోయినవాడికి స్నానం చేయించడానికి గోరువెచ్చని నీళ్ళు లేవు. అగరుబత్తి వెలిగించడానికి లేదు. పై లోకానికి దారిఖర్చుకని డబ్బు కాగితాలు కాల్చి పంపడానికి లేదు. మా వాళ్ళలో అంతకన్నా దిక్కుమాలిన చావు ఉండదు. ష్వాన్‌జూ తెల్లబట్ట తలకి కట్టుకుని, కాల్చని కాగితాలు తండ్రి శవపెట్టె మీద పెట్టి, మట్టి కప్పాడు. పూడ్చి వస్తూ అందరూ మా ఇంటి ముందు నుంచే పోయారు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఏదో ఒకటి తిట్టి పోయినా బాగుండేది. అత్తయ్య గడపలో కూర్చుని ఒక్కొక్కరి మొహమూ చూసింది.

మర్నాడు ష్వాన్‌జూని పిలిపించింది. "నన్ను గొట్టం దగ్గరికి తీసుకుపోరా," అంది.

"నీ కాళ్ళతో ఎక్కలేవు పెద్దమ్మా."

"ఎక్కలేననేగా నిన్ను పిలిచింది."

వాడు ఆవిణ్ణి వీపు మీద ఎక్కించుకున్నాడు. తలకి కట్టిన తెల్లబట్ట ఇంకా విప్పలేదు. మంచు కరిగి బాటంతా బురద. నేను వెనక నడిచాను. దారిలో ఆవిడ ఒక్కసారే మాట్లాడింది. "మీ నాన్న నాకన్నా రెండేళ్ళు చిన్నోడు. చిన్నప్పుడు మా చెట్టు రేగుపళ్ళన్నీ వాడే దొంగిలించేవాడు," అంది. ష్వాన్‌జూ ఊఁ అన్నాడు, అంతే.

పైన నిలబడి కొండ వైపు చూశాం. పగుళ్ళలో పొగ లేదు. మంచు తెర వల్ల కనపడటం లేదేమో అనుకున్నాను. అత్తయ్యకి చెవులు సరిగ్గా వినపడవు, అందుకే గొట్టానికి చెవి ఆనించలేదు. రెండు అరచేతులూ దాని మీద పెట్టింది. పెట్టి చాలాసేపు అట్లాగే ఉంది. తర్వాత ఇంకొంచెం పైన, గోడలోంచి గొట్టం బయటికి వచ్చేచోట పెట్టింది.

"చల్లగా ఉంది," అంది.

నేను పట్టుకుని చూశాను. మంచుగడ్డలా ఉంది.

"నిప్పు ఆరిపోయింది వదినా!" అన్నాడు ష్వాన్‌జూ. "ఆరాక తెరుస్తానన్నాడుగా! పోదాం, పోయి అడుగుదాం!"

నాకూ అంతే అనిపించింది. ప్రాణం లేచొచ్చింది. "అవునత్తయ్యా! ఇప్పుడు వాడికి సాకు లేదు. తెరిచేదాకా మనం మాత్రం నిప్పివ్వొద్దు. ఇంకొన్నాళ్ళు. నేను తట్టుకుంటాను, మైమై కూడా తట్టుకుంటుంది!"

అత్తయ్య చేతులు గొట్టం మీద నుంచి తీసి చంకల్లో పెట్టుకుంది.

"లోపల నిప్పే బతకలేదే పిల్లా," అంది. "నా కొడుకెట్లా బతుకుతాడు?"

"అట్లా అనకండి."

"తెరిచి ఎవర్ని తెస్తాడు?"

"శవమైనా తేవద్దా?" అని నేను అరిచాను. "మీరిప్పుడు పొయ్యి వెలిగిస్తే వీళ్ళందరూ రేపే పనిలోకి పోతారు. ఇంక ఎవడూ తెరవడు! ఆయన్ని అక్కడే వదిలేసినట్టు! మీరే మీ చేతుల్తో పూడ్చినట్టు!"

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడుతుందని ఎదురుచూశాను. "మన పొయ్యి వెలిగించక ఒక ముసలోడు చచ్చిపోయాడు. రేపు నీ పిల్ల పోతుంది," అంది. "కొండలో నిప్పు ఆరింది. ఇంక ఇళ్ళల్లో వెలిగించాలి. పద్ధతి అదే. పదరా ష్వాన్‌జూ, నన్ను ఎత్తుకో."

ఇంటికొచ్చి చెకుముకి రాయి తీసింది. చేతులు చలికి కొంకర్లు పోయి ఎంత కొట్టినా రవ్వ రాలేదు. నేను సాయం చేయలేదు, గోడకానుకుని నిలబడ్డాను. రాకపోతే బాగుండునని దండం పెట్టుకున్నాను. చివరికి వచ్చింది. విల్లో పొట్టు అంటుకుంది. దాని మీద పుల్లలు పేర్చి, వంగి ఊదింది.

మా పొగ గొట్టంలోంచి పొగ రావడం చూసి ఊరంతా వచ్చింది. మూకుళ్ళు మా గుమ్మం పక్కన బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. ఎవరిది వాళ్ళు వెతికి తీసుకున్నారు. అత్తయ్య మొదటి నిప్పు తావ్‌యే మూకుట్లో వేసింది. "ముందు మీ మామకి కాగితాలు కాల్చు," అంది. గనిలో మొగుళ్ళున్న ఆడవాళ్ళు చివర్లో వచ్చారు. ఒకావిడ నిప్పు తీసుకుని, రెండడుగులు వేసి, నేల మీద కూలబడి గుండెలు బాదుకుంది. తర్వాత లేచి, మూకుట్లో నిప్పు ఆరకుండా కోటు అంచు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. వాళ్ళింట్లోనూ పిల్లలున్నారు. దిగువ గని మగవాళ్ళు దీపాలు తెచ్చి వెలిగించుకున్నారు. ష్వాన్‌జూ కూడా తెచ్చాడు. నా వైపు చూడలేక పొయ్యి వైపు చూస్తూ వెలిగించుకుని పోయాడు.

అందరూ వెళ్ళాక పుల్లలు అయిపోవచ్చాయి.

"బొగ్గు తే," అంది అత్తయ్య.

పెరటి గోడ పక్కన తుంగచాప కప్పిన కుప్ప ఉంది. చాప మీద కరక్కుండా మిగిలిన మంచు దులిపి తీశాను. గని నుంచి వచ్చేటప్పుడు కూలివాళ్ళు ఒక్కో గంప ఇంటికి తెచ్చుకోనిచ్చేవాళ్ళు. గెన్‌షెంగ్ శీతాకాలమంతా మోసుకొచ్చి, పెద్దవి కింద, చిన్నవి పైన పేర్చిపెట్టాడు. ఒక్క గడ్డ కూడా తీయలేకపోయాను. లోపల్నుంచి మైమై దగ్గు వినపడింది. గంప నింపుకుని లోపలికి తెచ్చాను.

"ఇది ఆయన తెచ్చింది," అన్నాను.

"తెలుసు. వెయ్."

వేశాను. కొర్రజావ కాచాం. మైమై గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని, నోరు కాలుతున్నా ఆగకుండా తాగి, "ఇంకా" అంది. దాని బుగ్గలు ఎర్రబడ్డాయి. అత్తయ్య నా గిన్నె కూడా నింపి ముందు పెట్టింది. తాగనన్నాను. తాగాను. అన్నాళ్ళ తర్వాత వేడివేడిగా కడుపులోకి దిగుతుంటే హాయిగా ఉంది. హాయిగా ఉన్నందుకు నన్ను నేను చంపుకోవాలనిపించింది. మళ్ళీ గిన్నె చాపాను. ఇటుక అరుగు మెల్లిగా వెచ్చబడింది.

ఎగువ గని తెరవలేదు. శరత్కాలంలో చూద్దామన్నాడు హౌ, తర్వాత వచ్చే ఏడన్నాడు. ఆ కుప్పని నేను ఎంత పొదుపుగా వాడానంటే ఎండాకాలంలో రోజుకొక్కసారే పొయ్యి వెలిగించేదాన్ని, రాత్రికి చల్లటిదే పెట్టేదాన్ని. అయినా చలి మొదలయ్యేసరికి అడుగున నల్లటి పొడి మిగిలింది. దాన్ని మట్టిలో కలిపి ఉండలు చేసి అదీ కాల్చాం. ఆ తర్వాత అందరిలాగే మేమూ హౌ దగ్గరే కొనుక్కున్నాం.